తొలి ప్రతిని సవరించే విధానం

వ్యాసాన్ని సవరించడమంటే అచ్చుతప్పులు దిద్దడం మాత్రమే కాదు. చెప్పదలచిన విషయం పాఠకుడికి ఏ క్రమంలో అందాలో మళ్లీ నిర్ణయించుకోవడం. రాసిన వెంటనే కాకుండా, ఒక రాత్రి గడిచాక పైకి చదువుతూ, ఊపిరి అందని చోట వాక్యాన్ని విడగొట్టాలి.

గోదావరి డెల్టా సాగునీటిపై రాసిన వ్యాసాన్నే తీసుకుందాం. తొలి పేరా అంతా జీవనదిని పొగడటంతోనే నిండిపోవడం మామూలే. ఆ పొగడ్తలను, ఎంత ముద్దొచ్చినా సరే, కొట్టివేసి, 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతోనే ఆరంభిస్తే, నీరు కాలువలకు ఎలా మళ్లిందో వివరించడానికి దారి ఏర్పడుతుంది. ఆ తరువాత ప్రతి పేరునూ, సంవత్సరాన్నీ సరిచూడాలి: అమలాపురం తూర్పు గోదావరి జిల్లాలో ఉందని పాత ప్రతిలో ఉంటే, 2022లో కోనసీమ జిల్లా వేరుగా ఏర్పడినందున ఆ మాట ఇప్పుడు చెల్లదు.

అక్షరదోషాల పని ఆఖరున చేయాలి; తీసివేయబోయే పేరాలో ఒత్తులు దిద్దుతూ కూర్చోవడం వృథా, చాలామంది అక్కడే అలసిపోతారు. చివరగా డెల్టాను ఎరగని ఒకరి చేత చదివించి, ‘లాకులు’ అన్న చోట వారు ఆగితే, పడవలు కాలువలో ఎత్తుపల్లాలు దాటడానికి కట్టిన తలుపులని ఒక వాక్యం చేర్చాలి.