కారు లైటు చాలడం లేదా? బల్బు కొనేముందు ఇవి చూడండి

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడపకు రాత్రిపూట పోయేటప్పుడు, వెనక రేడియం స్టిక్కరు కూడా లేని ట్రాక్టర్ ట్రాలీ ఎక్కడ ఎదురవుతుందో చెప్పలేం. అందుకే లైటు మసకగా అనిపించగానే చాలామంది షాపుకు పోయి 100/90 వాట్ల (హైబీమ్‌కు 100, డిమ్‌కు 90) బల్బు వేయించుకుంటారు. చాలాసార్లు తప్పు బల్బుది కాదు. లైటు ముందరి అద్దం మసకబారి ఉంటుంది, ఎర్తు (కరెంటు తిరిగిపోయేందుకు కారు బాడీకి బిగించే వైరు) పట్టు తప్పి ఉంటుంది, లేదా లైటు ఎత్తు మారిపోయి ఉంటుంది. ఈ మూడూ ఇంటి ముందరే చూసుకోవచ్చు.

ముందు ఏది వెలుగుతోంది, ఏది లేదు అని చూడాలి. పొద్దు వాలాక కారును గోడకో, షట్టరుకో దగ్గరగా పెడితే పక్కన మనిషి అక్కర్లేదు, వెలుగు గోడ మీదే కనిపిస్తుంది. ముందు వైపు పార్కింగ్, డిమ్, హైబీమ్, ఇండికేటర్లు చూసి, కారు తిప్పి వెనక వైపు చూడండి. బ్రేక్ లైట్లు మూడు, పైన మధ్యలో ఉన్నదాన్నీ లెక్కపెట్టాలి. రివర్స్ లైటుకు ఇంజన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, కీ ఆన్‌లో పెట్టి రివర్స్ గేరు వేయండి. నంబరు ప్లేటు లైటు ఎవరికీ గుర్తుండదు, పోలీసులు ఆపినప్పుడు తప్ప.

లక్షణాన్ని బట్టే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. ఇండికేటర్ ఒక వైపు మాత్రం గబగబా కొట్టుకుంటుంటే ఆ వైపు ఒక బల్బు పోయినట్టు. బ్రేక్ లైట్లు అన్నీ రాకపోతే ఫ్యూజో, పెడల్ దగ్గరి స్విచ్చో చూడాలి. ఒక్కటే రాకపోతే బల్బు. బ్రేక్ తొక్కితే పక్కనున్న ఇండికేటర్ కూడా మసకగా వెలుగుతోందంటే అది ఎర్తు పని, బల్బులు ఎన్ని మార్చినా పోదు. ఫ్యూజు పోతే అదే ఆంపియర్‌ది వేయండి: ఎరుపు 10, నీలం 15, పసుపు 20. వెంటనే మళ్లీ కాలిందంటే ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది. అక్కడ పెద్ద ఫ్యూజు వేస్తే ఈసారి కాలేది వైరే.

ఇక అద్దం. ఇప్పటి కార్లలో అది గాజు కాదు, పాలికార్బొనేట్ ప్లాస్టిక్. ఎండ తగలకుండా పైన ఒక పూత ఉంటుంది. మన ఎండలకు అది పోయాక పసుపు పడుతుంది. బోరు నీళ్లతో కడిగి అట్లే వదిలేస్తే తెల్ల మచ్చలు పడతాయి. వెనిగర్‌లో నీళ్లు కలిపి గుడ్డతో తుడిచి, ఫిల్టర్ నీళ్లతో కడిగితే పోతాయి. బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండల పాలిష్ దుమ్ము పడిన కారును పొడిగుడ్డతో ఎన్నడూ తుడవకండి, సన్న గీతలు పడతాయి.

పసుపు పోవాలంటే అద్దం చుట్టూ పెయింటు మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు వేయండి. వాటర్ పేపరు (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ నునుపు) 800, 1000, 1500, 2000, 3000 వరసలో, నీళ్లు చల్లుతూ రుద్దాలి. ఒక నంబరు అడ్డంగా రుద్దితే తర్వాతిది నిలువుగా రుద్దండి, పాత గీతలు పోయాయో లేదో అప్పుడే తెలుస్తుంది. మొదట్లో కారే నీళ్లు పసుపుగా వస్తాయి, అది పాత పూత. నీళ్లు తెల్లబడేదాకా మొదటి పేపరు వదలకండి. తొందరపడి దాటేస్తే ఆ గీతలు చివరిదాకా కనిపిస్తాయి. తర్వాత రబ్బింగ్ కాంపౌండ్, ఆపైన స్పిరిట్‌తో తుడిచి యూవీ క్లియర్ కోటు (ఎండను ఆపే పారదర్శక పూత) వేయాలి. ఇదంతా నీడలో, బానెట్ చల్లబడ్డాక చేసే పని. ఎండలో కోటు గీతలు గీతలుగా ఆరిపోతుంది. టూత్‌పేస్టుతోనూ మెరుపు వస్తుంది గానీ, పైన పూత లేదు కాబట్టి కొన్ని నెలలకే మళ్లీ పసుపు. లోపలి వైపు మసకబారితే ఏ పేపరూ పనిచేయదు.

ఎర్తు సంగతి అందరూ వదిలేస్తారు. వోల్టేజీ 10 శాతం తగ్గితే హాలోజన్ బల్బు వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. ఇంజన్ ఆన్ చేసి, డిమ్ లైటు వేసి, మల్టీమీటరును 20 వోల్టుల డీసీలో పెట్టండి. బ్యాటరీ దగ్గర సుమారు 13.5 నుంచి 14.5 రావాలి. తర్వాత ఎర్ర కడ్డీ బల్బు కప్లర్ (బల్బుకు గుచ్చే వైర్ల ప్లగ్గు) వెనక ఎర్తు పిన్నుకు, నల్లది బ్యాటరీ నెగటివ్‌కు తాకించండి. 0.2 వోల్టులు దాటితే ఎర్తు బోల్టు తుప్పు పట్టినట్టే. ఇంజన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఆ బోల్టు విప్పి, రేకు మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించి పైన వాసెలిన్ పూయండి. ఈ పది నిమిషాల పనితో వచ్చే వెలుగు కొత్త బల్బుతో కూడా రాదు.

100/90 బల్బు ఎందుకు వద్దంటే, 12 వోల్టుల లెక్కన 55 వాట్ల డిమ్‌కు సుమారు 4.6 ఆంపియర్లు చాలు, 90 వాట్లకు 7.5 కావాలి. కంపెనీ వైరు, హోల్డరు దానికి తట్టుకోవు. ముందు కప్లర్ కరుగుతుంది, ఆపైన రిఫ్లెక్టర్ (లైటు లోపల వెలుగును ముందుకు తిప్పే మెరిసే గిన్నె) నల్లబడుతుంది. హాలోజన్ రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ బల్బు పెడితే ఎదుటివాళ్ల కళ్లలోకి కొడుతుంది, రోడ్డు మీద పడాల్సింది అక్కడ పడదు.

నిజంగానే బల్బు పోయిందా? హెచ్4 బల్బు (డిమ్, హైబీమ్ రెండూ ఒకే బల్బులో ఉండే రకం) అయితే లైటు ఆపి చల్లారనివ్వండి. కప్లర్, రబ్బరు టోపీ, తీగ క్లిప్పు వరసగా తీయండి. కొత్తదాని గాజును వేళ్లతో తాకకండి. చేతి జిడ్డు అంటిన చోట వేడి పోగై బల్బు త్వరగా పోతుంది. తాకితే స్పిరిట్‌తో తుడవండి. బల్బు చుట్టూ ఉన్న మూడు రేకు రెక్కల్లో వెడల్పుది పైకి ఉండాలి. రబ్బరు టోపీ అంచు అంతా సరిగ్గా కూర్చుందో చూడండి, లైటులోకి నీళ్లు పోయేది ఎక్కువగా అక్కడి నుంచే. లోపల కాస్త ఆవిరి పట్టి, లైటు వేసి తిరిగితే పోతోందంటే పర్వాలేదు. నీటిచుక్కలు నిలిచాయంటే టోపీనో, పగులునో వెతకండి. గాలి పోయే రంధ్రాన్ని మాత్రం సిలికాన్‌తో మూయొద్దు. వెనక బ్రేక్, పార్కింగ్ కలిసిన బల్బుకు పిన్నులు ఒకే ఎత్తులో ఉండవు. బలవంతంగా తిరగేసి దూర్చితే పార్కింగ్ ప్రకాశంగా, బ్రేక్ మసకగా వెలుగుతాయి.

ఎత్తు సరిచేయడానికి సమతలమైన నేల, ఎదురుగా గోడ కావాలి. టైర్లలో గాలి సరిచూసి, డ్రైవర్ సీట్లో ఒకర్ని కూర్చోబెట్టి, డాష్‌బోర్డు మీది లెవెల్ చక్రం 0లో పెట్టండి. కారును గోడకు ఆనించినంత దగ్గరికి తెచ్చి, లైట్ల మధ్యభాగం ఎత్తును సుద్దతో గుర్తు పెట్టి, నేరుగా 5 మీటర్లు వెనక్కి తీసుకోండి. లైటు మీద, లేదా బానెట్ కింది స్టిక్కరు మీద, వెలుగు ఎంత కిందికి వాలాలో చెప్పే అంకె 1% అని ఉంటే డిమ్ వెలుగు పై అంచు గుర్తుకు 5 సెంటీమీటర్ల కింద పడాలి, 1.2% అయితే 6. ఎడమ చేతి వైపు అంచు కాస్త పైకి లేవడం తప్పు కాదు, మనం ఎడమ పక్క నడుపుతాం కాబట్టి అలాగే తయారుచేస్తారు. ఒక లైటుకు అట్టముక్క అడ్డం పెట్టి రెండోదాన్ని స్క్రూతో సగం చుట్టు చొప్పున తిప్పండి. డిక్కీ నిండా శనక్కాయల మూటలు వేసుకున్న రోజు ముందు భాగం లేస్తుంది. ఆ రోజు స్క్రూ జోలికి పోకుండా లెవెల్ చక్రాన్నే 2కో, 3కో తిప్పుకోండి, దించాక మళ్లీ 0కి తెచ్చేయండి.