తల్లి కంటే కొడుకు 40 ఏళ్ళు పెద్దోడట! వంశవృక్షం సాఫ్ట్‌వేర్‌లో వార్నింగుల సంగతి

మా వంశం అంతా గ్రాంప్స్ అనే వంశవృక్షం సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాక ఓ ఆదివారం తీరిగ్గా కూర్చుని టూల్స్ మెనూలో యుటిలిటీస్ కింద ఉండే వెరిఫై ద డేటా నొక్కాను, అంతే, 143 వార్నింగులు వచ్చిపడ్డాయి. మొదటిదే మా తాతయ్య వాళ్ళమ్మ కంటే 40 ఏళ్ళ ముందు పుట్టేశాడని. కంగారుపడి ఎదురుగా కనిపించిన తేదీలన్నీ మార్చేశాను, అదే నేను చేసిన తప్పు, తర్వాత వాటిని వెనక్కి తెచ్చుకోడానికి నెల పట్టింది. అందుకే మీరు ముందు బ్యాకప్ తీసుకోండి, ఆ తర్వాతే ఏదైనా ముట్టుకోండి.

వార్నింగ్ అంటే తప్పు అని కాదు, "ఇది నాకు మామూలుగా అనిపించట్లేదు, ఓసారి చూడు" అని అర్థం. గ్రాంప్స్‌లో ఆ టూల్ రన్ చేసేముందే ఆడవాళ్ళకి, మగవాళ్ళకి, కుటుంబాలకి వేరు వేరు ట్యాబుల్లో హద్దులు ఉంటాయి, పెళ్ళికి కనీస వయసు ఎంత, తల్లికి ఎంతమంది పిల్లలు దాటితే అనుమానించాలి లాంటివి. వాటిని మన ఇళ్ళకి తగ్గట్టు సర్దుకోండి, పన్నెండు పద్నాలుగు కాన్పులైన మామ్మలు మనకి కొత్తేం కాదు కదా. తెలియని తేదీల్ని అదే ఊహించుకునే టిక్కు ఒకటుంటుంది, మొదటిసారి అది తీసేయండి, లేకపోతే ఊహల మీద కూడా వార్నింగులు ఇస్తుంది.

ఇక అసలు కిటుకు. తేడా ఎన్నేళ్ళో లెక్కేయండి. మా తాతమ్మ జాతకచక్రంలో నందన నామ సంవత్సరం అని ఉంది, నేను నెట్లో చూసి 1952 కొట్టేశాను. మన సంవత్సరాల పేర్లు 60 ఏళ్ళకోసారి తిరిగొస్తాయి, నందన అంటే 2012 కావచ్చు, 1952 కావచ్చు, 1892 కావచ్చు. తాతయ్య 1912లో పుట్టాడు కాబట్టి తాతమ్మది 1892 అన్నమాట, అప్పటికి ఆవిడకి ఇరవై, సరిపోయింది. కాబట్టి ఒక తేదీని 60 ఏళ్ళు జరిపితే అంతా కుదురుతోందంటే పేరు చూసి తప్పు ఏడాది వేశారని ఖాయం చేసుకోవచ్చు. ఒక్క ఏడాది తేడా వస్తే ఉగాదిని అనుమానించండి, నందనలో మాఘమాసం, ఫాల్గుణం వచ్చేసరికి ఇంగ్లీషు క్యాలెండర్‌లో 1893 వచ్చేస్తుంది. 12 ఏళ్ళు తేడా అయితే "గోదావరి పుష్కరాల ఏడు పుట్టాడు" అని ఎవరో చెప్పి ఉంటారు, ఏ పుష్కరాలో అడగండి, 1979వా, 1991వా, 2003వా, 2015వా అని.

తర్వాత బడి తేదీలు. మా పెదనాన్నవి 1-7-1948, మేనత్తవి 15-11-1948, ఇద్దరూ ఒక తల్లి పిల్లలే, మధ్యలో నాలుగున్నర నెలలు. రాజోలు పెద్దమ్మకి ఫోన్ చేశాను.

"పెద్దమ్మా, పెదనాన్న అసలు ఎప్పుడు పుట్టారు?"

"నాకేం తెలుసురా, నేను చూశానా ఏంటి! మా అత్తగారు మాత్రం అట్లతద్దికి ముందురోజు అనేవారు, మీ మేనత్త కంటే రెండేళ్ళు పెద్ద. ఆ జూలై ఒకటంటావా, అది బడిలో మాస్టారు వేసుకున్న తేదీ."

ఇలాంటప్పుడు బడి తేదీని తీసేయకండి, రిటైర్మెంట్ కాగితాల నిండా అదే ఉంటుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో ఒక మనిషికి రెండు పుట్టిన తేదీలు పెట్టుకోవచ్చు, పెద్దమ్మ చెప్పింది "సుమారు అక్టోబరు 1946" అని ప్రధానంగా పెట్టి, బడిది రెండోదిగా ఉంచి, ఎవరు చెప్పారో నోట్‌లో రాసేయండి.

భార్యాభర్తలిద్దరిదీ ఒకే ఇంటిపేరు అని వార్నింగ్ వస్తే మాత్రం వదలొద్దు. మనలో ఒకే ఇంటిపేరు వాళ్ళు పెళ్ళి చేసుకోవడం అరుదు కదా, అంటే ఆవిడకి అత్తారింటి పేరు కొట్టేశామని, పుట్టింటి పేరు పెడితే ఆవిడ వైపు చెట్టు కూడా దొరుకుతుంది. తండ్రీకొడుకుల ఇంటిపేర్లు కలవకపోతే మాత్రం దత్తతేమో అడగండి. మేనరికాల్లో ఒక గొడవ ఉంది, అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో ఆ పిల్లని మనవరాలిగా ఒకసారి, కోడలిగా ఒకసారి ఎక్కించేస్తాం, వాళ్ళని డిలీట్ కాకుండా మెర్జ్ చేయాలి, అంటే రెండు ఎంట్రీలనీ ఒకటిగా కలపాలి. అలాగని పేర్లు కలిసిన ప్రతివాళ్ళనీ మెర్జ్ చేసెయ్యొద్దు, మా ఇంట్లో తాతయ్య పేరు పెట్టుకున్న మనవళ్ళే ముగ్గురు, నేను వాళ్ళని ఒక్క మనిషిని చేసేశాను, ముగ్గురు పెళ్ళాలతో!

పెళ్ళికూతురికి తొమ్మిదేళ్ళని వచ్చే వార్నింగులు చాలావరకు నిజాలే. శారదా చట్టం 1929లో చేశారు, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు, ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండాలని అప్పటి రూలు. అందుకే ఆ తర్వాత చిన్నపిల్ల పెళ్ళి కనిపిస్తే స్థలం చూడండి, యానాం అని ఉందా? అది అప్పట్లో ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండేది, ఈ చట్టం అక్కడ చెల్లదు కాబట్టి మనవాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళి అక్కడ పెళ్ళిళ్ళు చేసొచ్చేవాళ్ళు, దానికి కళ్యాణపురం అని పేరే వచ్చింది. అలాంటి వార్నింగ్‌ని సరిచేస్తే ఉన్న నిజం పోతుంది. గ్రాంప్స్ ఫలితాల్లో ఆ లైన్‌కి టిక్కు పెట్టి హైడ్ మార్క్‌డ్ నొక్కితే చాలు, రూట్స్‌మ్యాజిక్ అనే ఇంకో వంశవృక్షం సాఫ్ట్‌వేర్‌లోనూ ఇది సమస్య కాదు అని చెప్పుకునే వీలుంది.

చనిపోయిన తేదీలు ఇంకో తలనొప్పి. తద్దినం వల్ల తిథి గట్టిగా తెలుస్తుంది, ఏడాది మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఖాళీ నింపాలని ఏదో ఒకటి కొట్టొద్దు, "86 వరదలకి ఉన్నారు, 96 తుపానుకి లేరు" అన్నారంటే 1986 నుంచి 1996 మధ్య అని రేంజ్ ఇచ్చి, తిథిని నోట్‌లో పెట్టండి.

నా 143లో ఇప్పుడు 9 మిగిలాయి, వాటిలో ఐదు పెద్దమ్మ సంక్రాంతికి రమ్మన్నప్పుడు అడుగుతాను, మిగతా నాలుగూ యానాం పెళ్ళిళ్ళే.