బొగ్గు దుమ్ములో తిరిగే డీజిల్ బండికి ఎయిర్ ఫిల్టర్

చంద్రపూర్, రాజురా, బల్లార్పూర్ వైపు బండి నడిపే మనవాళ్లందరికీ ఒక మాట. బొగ్గు లారీల వెనక తిరిగే బండికి మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లు నిండేదాకా ఆగకండి, ఫిల్టర్ ముందే విప్పి చూడండి.

పంక్చర్ షాపు గొట్టంతో బయటి నుంచి ఫుల్ ప్రెషర్‌లో గాలి కొట్టించడం మాత్రం అసలు వద్దు. కాగితం మడతలు చిరిగి, లోపలికి పోయిన దుమ్ము టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టే ఫ్యాన్) రెక్కల్నీ పిస్టన్ రింగుల్నీ అరగదీస్తుంది. తక్కువ ప్రెషర్‌తో, లోపలి నుంచి బయటికి కొట్టాలి. తర్వాత లోపల టార్చి పెట్టి తిప్పండి. కాగితమంతా మసకగా వెలిగితే సరే, ఎక్కడైనా వెలుగు సూదిమొనలా పొడుచుకొచ్చిందంటే ఆ ఫిల్టర్ పనైపోయినట్టే. ఫిల్టర్ దాటాక ఉండే పైపులో వేలు పెట్టి తుడవండి. దుమ్ము అంటితే ఎక్కడో లీకుంది.

కొనేటప్పుడు రబ్బరు అంచు నొక్కి చూడండి. గట్టిగా, వంకరగా ఉంటే సగం ధరకిచ్చినా తీసుకోవద్దు, ఇంజిన్ పని ఖర్చు ముందు ఆ మిగులు ఎంత? పెద్ద బండ్లలో లోపలుండే రెండో ఫిల్టర్‌ను కడగొద్దు, ఊదొద్దు, మార్చేయడమే. ఫిల్టర్ ఉండే డబ్బా (హౌసింగ్) అడుగున రబ్బరు మూతి ఉంటే రోజూ ఒకసారి పిండండి, పేరుకున్న దుమ్ము రాలిపోతుంది.