ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలకు హైస్కూలును పరిచయం చేయడం ఎలా?

ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలో అయిదో తరగతి పిల్లవాడంటే పెద్దవాడే. బడి మొత్తానికి ఇద్దరో ముగ్గురో టీచర్లు. ఎవరికి ఎప్పుడు కోపం వస్తుందో కూడా వాడికి తెలుసు. జూన్‌లో జిల్లా పరిషత్ హైస్కూలు గేటు దాటేసరికి ఆ పెద్దరికమంతా పోతుంది. సబ్జెక్టుకొక సారు, పీరియడుకొక కొత్త ముఖం, పైగా అంతవరకు నేర్చుకోని హిందీ. ఆరో తరగతి క్లాస్ టీచర్లు మొదటి వారం పాఠాలను కాస్త పక్కన పెట్టయినా చేయాల్సిన పనులివి.

1. ఏప్రిల్‌లోనే మొదలుపెట్టండి

చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల నుంచి ఎవరెవరు రాబోతున్నారో అక్కడి ప్రధానోపాధ్యాయులను అడిగితే చెబుతారు. ఒంటిపూట బడుల రోజుల్లో ఒక ఉదయం ఆ పిల్లలను పిలిపించండి. కుదరకపోతే మీరే వెళ్లి పది నిమిషాలు మాట్లాడి రండి.

2. మొదటి రోజు ఉపన్యాసం వద్దు, నడిపించండి

ప్రార్థన అయ్యాక ఎండలో నిలబెట్టి ఉపాధ్యాయులందరినీ వరసగా పరిచయం చేయడం చాలాచోట్ల ఆనవాయితీ. పదిహేను పేర్లు ఒకేసారి వింటే మనకే గుర్తుండవు, ఇక పిల్లలకేం గుర్తుంటాయి? బడంతా తిప్పి చూపించండి. ముందు మరుగుదొడ్లు, తర్వాత మంచినీళ్లు, భోజనం పెట్టేచోటు, స్టాఫ్ రూము, హెచ్‌ఎం గది. గ్రంథాలయం, ప్రయోగశాల ఆ తర్వాతే.

ఈ వరస నేను తప్పు చేసి నేర్చుకున్నది. ఒక ఏడాది గొప్పగా కంప్యూటర్ గదితో మొదలుపెట్టాను. సాయంత్రం చూస్తే ఒక అమ్మాయి సీసాలో నీళ్లు తెచ్చినవి తెచ్చినట్టే ఉన్నాయి. ఎందుకు తాగలేదంటే, ‘బాత్రూము ఎక్కడుందో తెలియదు మేడం’ అంది. అందుకే ఆడపిల్లల వెంట ఒక మేడం వెళ్లి గడియ వేసి, తీసి చూపించాలి. మా దగ్గర రెండో తలుపు కాస్త పైకెత్తితే గాని గడియ పడదు. ఆ సంగతి ముందే చెప్పకపోతే లోపలికి వెళ్లిన పిల్ల బిక్కచచ్చిపోతుంది.

3. సిబ్బందిని వాళ్ల చోటనే కలవనివ్వండి

పిల్లలను అయిదుగురేసి జట్లుగా చేసి, ఒక్కో జట్టును ఒక్కొక్కరి దగ్గరికి పంపండి. అడగాల్సినవి నాలుగే: మిమ్మల్ని ఏమని పిలవాలి? ఎక్కడ కూర్చుంటారు? ఏ పనికి మీ దగ్గరికి రావాలి? ఏ వేళలో రాకూడదు? చివరి ప్రశ్నకు సార్లు నవ్వుతారు గానీ, పిల్లలకు ఎక్కువగా పనికొచ్చేది అదే.

ఉపాధ్యాయులతో ఆగిపోకండి. బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలంటే ఆఫీసుకే వెళ్లాలి. గంట కొట్టేది అటెండరు. మధ్యాహ్నం వడ్డించే అమ్మకు ఎవరు గుడ్డు తినరో తెలియాలి, ఆమె పేరు పిల్లలకు తెలియాలి.

విన్నదంతా ఒక చార్టు మీద రాయించండి. హోదాల వరసలో మాత్రం వద్దు, అవసరాల వరసలో రాయించండి: ‘కడుపు నొప్పి వస్తే’, ‘పుస్తకం అందకపోతే’, ‘ఎవరైనా ఏడిపిస్తే’. ఒక్కోదాని ఎదుట ఒక పేరు, ఒక గది. చివరిదానికి మాత్రం రెండు పేర్లుండాలి, అందులో ఒకరు మేడం అయి ఉండాలి. దాని కిందే పిల్లల సహాయవాణి 1098 కూడా పెద్ద అంకెలతో రాయించండి.

4. టైం టేబుల్

నోటు పుస్తకం అట్ట లోపల రాయిస్తే చాలు. ఏ రోజు ఏ పుస్తకాలు తేవాలో తెలిస్తే సంచి బరువు కూడా తగ్గుతుంది.

5. ఏడో తరగతి పిల్లలను తోడివ్వండి

నిరుడు ఇదే బెంగ పడ్డవాళ్లు కాబట్టి ఏం చెప్పాలో వాళ్లకు తెలుసు. మార్కులు చూసి ఎంచకండి. అదే ఊరి నుంచి, అదే ఆటోలో వచ్చేవాళ్లయితే మేలు. పదో తరగతివాళ్లకు ఈ పని అప్పగిస్తే పెత్తనమే మిగులుతుంది.

6. వారం చివర చిన్న చిన్న పనులు చెప్పండి

హాజరు పట్టీ ఆఫీసులో ఇచ్చి రమ్మనండి. పీఈటీ సారును అడిగి స్కిప్పింగ్ తాడు తెమ్మనండి. ఇద్దరిద్దరిని పంపండి. స్టాఫ్ రూము గుమ్మం దాకా వెళ్లి ‘సార్ లేరు మేడం’ అంటూ తిరిగొచ్చేవాళ్లు ఒకరిద్దరుంటారు. సారు లోపలే ఉంటారు. కసరకుండా ఈసారి మీరు వెంట వెళ్లి, మాట మాత్రం వాళ్లచేతే అడిగించండి.

7. ఆలస్యంగా చేరేవాళ్లను మరవకండి

టీసీ అందకనో, తల్లిదండ్రులు పనికోసం ఊరు మారడం వల్లనో జూలైలో వచ్చేవాళ్లుంటారు. వాళ్లు వచ్చేసరికి మన ఉత్సాహం చల్లబడి ఉంటుంది. జూన్‌లో చేరిన పిల్లల్లో ఒకరిని తోడిచ్చి బడంతా తిప్పించండి, మళ్లీ మరుగుదొడ్ల దగ్గరి నుంచే.