ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు: ఎవరికి పనికొస్తాయి, కొలతలు ఎలా తీయించుకోవాలి, తేడా వస్తే ఏం చూడాలి

నలభై దాటాక పంచాంగంలో చిన్నక్షరాల కోసం చేయి దూరంగా చాచాల్సి వస్తోందంటే చత్వారం మొదలైనట్టే. కంటిలోని కటకం వయసుతో బిరుసెక్కి, దగ్గరి వస్తువుకు సర్దుకునే శక్తి తగ్గుతుంది. అద్దాల పవర్‌ను కొలిచే డయాప్టర్ల లెక్కలో నలభై ఏళ్లకు సుమారు 4, 5 ఉండే ఆ శక్తి అరవైకి 1 దగ్గరకు పడిపోతుంది. 40 సెంటీమీటర్ల దూరంలో పుస్తకం చదవాలంటే మాత్రం 2.50 డయాప్టర్లు కావాలి. ఆ లోటును అద్దం పూడ్చాలి. డాక్టరు చీటీలో ‘యాడ్’ అని రాసేది దాన్నే. పైన దూరపు పవర్‌తో మొదలై కిందికి పోయేకొద్దీ గీత లేకుండా ఈ యాడ్ క్రమంగా కలిసే అద్దమే ప్రోగ్రెసివ్.

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా అద్దాల షాపుకెళ్లగానే చాలామంది అడిగేది ‘ఏ కంపెనీది మంచిదండీ’ అని. కంపెనీ సంగతి తర్వాత చూసుకోవచ్చు. మీ కళ్లు రోజంతా ఎంత దూరంలో పనిచేస్తాయి, ఆ అద్దాన్ని మీ ముఖం మీద ఎంత సరిగ్గా కొలుస్తారు అన్నవే ముందు తేలాలి. ఖరీదైన ప్రోగ్రెసివ్ కొని డబ్బాలో పడేసినవాళ్లలో ఎక్కువమందికి తేడా వచ్చింది కొలతల దగ్గరే.

చీటీలో చూడాల్సినవి

కుడి కన్ను +0.50, ఎడమ +0.75, యాడ్ +2.00 అని ఉందనుకోండి. దూరానికి పవర్ మొదటి రెండు అంకెలే. దగ్గరికి వాటికి యాడ్ కలపాలి: కుడికి +2.50, ఎడమకు +2.75. యాడ్ సాధారణంగా రెండు కళ్లకూ ఒకటే ఉంటుంది. నలభై తొలి ఏళ్లలో +1.00, యాభైకి +1.75 లేదా +2.00, అరవైకి +2.25 నుంచి +2.50 వరకు రావడం మామూలు. నలభై అయిదేళ్ల మనిషికి +2.50 రాశారంటే మరోసారి చూపించుకోవాలి. అవసరానికి మించిన యాడ్ వల్ల పేపరును ముక్కు దగ్గరికి తెచ్చుకోవాల్సి వస్తుంది. ప్రోగ్రెసివ్‌లో అయితే పక్కల మసక కూడా పెరుగుతుంది.

షుగరు హెచ్చుతగ్గులుగా ఉన్నప్పుడు పవర్ కూడా మారిపోతుంది. అది అదుపులోకి వచ్చి కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే అద్దాల పరీక్ష చేయించుకోండి. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లు కన్ను కుదుటపడేదాకా, అంటే డాక్టరు చివరి పవర్ రాసిచ్చేదాకా ఆగాలి. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఏ రకం దేనికి

ఒకే పవర్ ఉండే రీడింగ్ అద్దాలు దగ్గరి పనికి అన్నిటికన్నా విశాలమైన చూపునిస్తాయి. పలాసలో బల్ల ముందు కూర్చుని జీడిపప్పు ఏరేవారికి, పొందూరులో సన్న నూలు వడికేవారికి, కుట్టుమిషను మీద ఉండేవారికి ఇవే ఉత్తమం. తల ఎత్తితే దూరం మసగ్గా ఉంటుంది, అంతే. బండి మీద అమ్మే రెడీమేడ్ జతల్లో రెండు కళ్లకూ ఒకే పవర్ ఉంటుంది, సిలిండర్ (ఒక దిక్కులో మాత్రమే ఉండే పవర్) ఉండదు. మీ రెండు కళ్ల పవర్ సమానంగా ఉండి, సిలిండర్ లేకపోతే పేపరు చదువుకోవడానికి పనికొస్తాయి. లేకపోతే తలనొప్పి తెస్తాయి.

బైఫోకల్‌లో పైన దూరానికి, కింద ముక్కలో దగ్గరికి పవర్ ఉంటుంది. గుండ్రటి ముక్క ఉండేది క్రిప్టాక్, పైభాగం గీతలా సమంగా ఉండేది డీ బైఫోకల్. చూపు గీత దాటగానే బొమ్మ ఒక్కసారిగా ఎగిరినట్టు అనిపిస్తుంది. +2.00 యాడ్‌కు 22 మి.మీ. క్రిప్టాక్‌లో ఆ ఎగురుడు మీటరు దూరంలో 2.2 సెం.మీ. ఉంటుంది. 28 మి.మీ. ముక్క ఉండే డీ బైఫోకల్‌లో 1 సెం.మీ. మాత్రమే. బైఫోకలే తీసుకునేట్టయితే డీ అడగండి.

బైఫోకల్‌తో అసలు ఇబ్బంది నడుమ దూరంలో వస్తుంది. కంటికి సొంతంగా 1 డయాప్టరు మిగిలిన మనిషికి పై భాగంలోంచి దూరం నుంచి మీటరు దాకా స్పష్టం. +2.00 ముక్కలోంచి 50 సెం.మీ. నుంచి 33 సెం.మీ. దాకా స్పష్టం. అర మీటరు నుంచి మీటరు మధ్యలో ఉన్నదేదీ సరిగ్గా కనబడదు. కంప్యూటర్ తెర, బండి మీద స్పీడోమీటరు, కిరాణా కౌంటరు అవతల తక్కెడ, పొయ్యి మీద గిన్నె, సంగీతం స్టాండు మీద స్వరాలు అన్నీ ఆ జాగాలోనే ఉంటాయి. ప్రోగ్రెసివ్ పుట్టింది దీనికోసమే. ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ మెత్నాజ్ రూపొందించిన వారిలక్స్ 1959లో మార్కెట్లోకి వచ్చాక ఈ రకం వాడుకలోకి వచ్చింది.

ఆఫీసు అద్దాలని ఇంకో రకం ఉంది. పుస్తకం నుంచి రెండు, మూడు మీటర్ల దాకా చూపు విశాలంగా ఇస్తాయి, రోడ్డు మీదికి పనికిరావు. రోజుకు ఆరేడు గంటలు కంప్యూటర్ ముందు కూర్చునే గుమస్తాలు, డీటీపీ చేసేవారు, బొబ్బిలి వీణకు మెట్లు అమర్చే పనివారు వీటిని రెండో జతగా పెట్టుకుంటే మెడ నొప్పి తగ్గుతుంది. బోర్డు, పిల్లలు, పుస్తకం మూడూ చూడాల్సిన టీచర్లకు, కొట్టు నడిపేవారికి ప్రోగ్రెసివ్ బాగా సరిపోతుంది.

పక్కల మసక ఎందుకు

ప్రోగ్రెసివ్ అద్దంలో స్పష్టంగా కనబడే భాగం ఢమరుకం ఆకారంలో ఉంటుంది. పైన వెడల్పు, నడుమ సన్నం, కింద మళ్లీ కొంచెం వెడల్పు. నడుమ భాగాన్ని కారిడార్ అంటారు. గీత లేకుండా పవర్ పెంచుకుంటూ పోవాలంటే పక్కల్లో అక్కర్లేని సిలిండర్ పవర్ తప్పకుండా పుడుతుంది. నిలువునా పవర్ ఎంత వేగంగా పెరిగితే, అడ్డంగా ఈ సిలిండర్ దానికి రెట్టింపు వేగంతో పెరుగుతుంది. ఏ కంపెనీ కూడా ఈ లెక్కను తప్పించుకోలేదు, మసకను అటూ ఇటూ సర్దగలదంతే.

లెక్క వేసి చూద్దాం. 14 మి.మీ. కారిడార్‌లో +2.00 యాడ్ పెరగాలంటే, నడుమ మసక లేని వెడల్పు సుమారు 3.5 మి.మీ. మిగులుతుంది. అదే కారిడార్‌లో +1.00 యాడ్ అయితే 7 మి.మీ. చిన్న ఫ్రేమ్ నచ్చిందని కారిడార్‌ను 10 మి.మీ.కి కుదిస్తే +2.00కు వెడల్పు 2.5 మి.మీ.కి పడిపోతుంది. నలభై అయిదేళ్లకే మొదలుపెట్టినవాళ్లు ఇట్టే అలవాటుపడటం, అరవై దాటాక మొదటిసారి పెట్టుకున్నవాళ్లు ఇబ్బందిపడటం వెనక ఉన్న కారణం కూడా ఇదే. యాడ్ ఎక్కువైనప్పుడు ఫ్రీఫార్మ్ డిజైన్‌కు (కంప్యూటర్ మిషనుతో చెక్కే రకం) కొంచెం ఎక్కువ పెట్టినా ఫలితం కనబడుతుంది. +1.00, +1.25కు మామూలు డిజైన్ చాలు.

నీలి కాంతిని ఆపుతుందని అమ్మే బ్లూ కట్ పూతకు అదనంగా పెట్టేకన్నా ఆ డబ్బు డిజైన్‌కు పెట్టడం నయం. కంప్యూటర్ వాడకంతో కళ్లు అలిసిపోవడం బ్లూ కట్ వల్ల తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదని వైద్య పరిశోధనలను కూర్చి చూసే కోక్రేన్ సంస్థ 2023 సమీక్ష తేల్చింది. మెరుపు తగ్గించే పూత మాత్రం రాత్రిపూట ఎదురుగా వచ్చే హెడ్‌లైట్లకు నిజంగా పనికొస్తుంది. పవర్ 3 లోపు ఉంటే 1.50 లేదా 1.56 ఇండెక్స్ మెటీరియల్ (ఈ అంకె పెరిగేకొద్దీ అద్దం పల్చనవుతుంది) చాలు, పల్చటి అద్దాల జోలికి పోనక్కర్లేదు.

ఫ్రేమ్, కొలతలు

ముందు ఫ్రేమ్, తర్వాతే కొలతలు. ఫ్రేమ్ లోపలి ఎత్తు కనీసం 30 మి.మీ. ఉండాలి. కనుపాప మధ్య నుంచి కింది అంచు దాకా 18 మి.మీ. ఉంటే మేలు. పొట్టి కారిడార్‌కైనా 14 కన్నా తగ్గకూడదు. ముక్కువైపు కిందిభాగం బాగా కోసుకుపోయిన ఏవియేటర్ ఫ్రేముల్లో చదివే భాగం కోతలో పోతుంది. ముక్కు ప్యాడ్లున్న ఫ్రేమ్ తీసుకోండి, తర్వాత ఎత్తు సర్దుకోవచ్చు.

ఫ్రేమ్‌ను మీ ముఖానికి పూర్తిగా సర్దాకే కొలవాలి. ప్యాడ్లు, చెవి వెనక వంపు సరిచేసి, అద్దం కింది అంచు బుగ్గవైపు 8 నుంచి 12 డిగ్రీలు వాలేలా, కంటికీ అద్దానికీ మధ్య 12 నుంచి 14 మి.మీ. ఉండేలా చూడాలి. ఇది చేయకుండా ముందే కొలిచి, అద్దాలు వచ్చాక ఫ్రేమ్ వంచితే కొలతలన్నీ తప్పిపోతాయి.

కొలతల్లో రెండు ముఖ్యం. మొదటిది పీడీ, అంటే కనుపాపల మధ్య దూరం. ముక్కు మధ్య నుంచి ఒక్కో కనుపాపకు విడివిడిగా తీయాలి. చాలా ముఖాల్లో రెండు పక్కలూ సమానంగా ఉండవు. మొత్తం 64 మి.మీ. వచ్చిందని చెరో 32 రాసేస్తే, నిజంగా 33, 31 ఉన్న మనిషికి రెండు సన్నటి కారిడార్లూ కంటి దారిలోంచి తప్పుకుంటాయి. రెండోది ఫిట్టింగ్ హైట్, అంటే కనుపాప మధ్య నుంచి కింది అంచు దాకా ఎత్తు. షాపతను మీ ఎదురుగా, మీ కళ్ల ఎత్తులోనే కూర్చోవాలి. మీరు మామూలుగా తల నిలిపి అతని కళ్లలోకి సూటిగా చూస్తుంటే, ఫ్రేములోని డమ్మీ అద్దం మీద కనుపాప మధ్యన పెన్నుతో చుక్క పెట్టాలి. తర్వాత నాలుగడుగులు నడిచి వచ్చి మళ్లీ కూర్చోండి, చుక్క అక్కడే ఉందో లేదో చూడాలి. ఫొటో తీయించుకునేటప్పటిలా గడ్డం ఎత్తితే కొలత తప్పు వస్తుంది. నిలబడి కొలిచే షాపతను మీకన్నా పొడుగైతే కూడా అంతే. ఈ పనికి పది నిమిషాలు పడుతుంది. అంత తీరిక లేని షాపులో ప్రోగ్రెసివ్ ఆర్డర్ ఇవ్వకండి.

తీసుకునే రోజు

కొత్త అద్దాల మీద ల్యాబు వేసిన ముద్రలుంటాయి: కనుపాపకు ఒక ప్లస్ గుర్తు, పైన దూరపు పవర్ చూసే చోటు, కింద దగ్గరి పవర్ చూసే చోటు. ఆ ముద్రలు తుడవకముందే ఒకసారి పెట్టుకుని అద్దంలో చూసుకోండి, లేదా వెంట వచ్చినవాళ్లను చూడమనండి. ప్లస్ గుర్తు కనుపాప మధ్యన పడాలి. 2 మి.మీ. తేడా ఉన్నా అక్కడే చెప్పాలి. ముద్రలు పోయినా చెరగని గుర్తులు ఉంటాయి. నోటితో ఊది వెలుతురుకు వాల్చి చూస్తే 34 మి.మీ. ఎడంగా రెండు సన్నటి గుర్తులు కనిపిస్తాయి. చెవివైపు గుర్తు కింద ‘20’ అని ఉంటే యాడ్ +2.00. చీటీతో సరిపోల్చుకోండి.

మొదటి రెండు వారాలు

పొద్దున లేచిన దగ్గర్నుంచి పెట్టుకోండి. మధ్యలో పాత బైఫోకల్ తీసి పెట్టుకుంటే మెదడుకు ఏదీ అలవాటు కాదు. పక్కకు చూడాలంటే కళ్లు కాకుండా ముక్కును అటు తిప్పండి. చదివేటప్పుడు తల నిలిపి కళ్లు మాత్రం దించండి. బండి అద్దంలోకి చూడాలన్నా తల కాస్త తిప్పాల్సిందే. అందుకే ఆ తొలి నాలుగు రోజులు హైవే మీద బండి వద్దు.

‘మెట్లు ఊగతన్నట్టున్నాయి బాబూ’ అని పెద్దవాళ్లు చెప్పేది నిజమే. కిందికి చూస్తే చూపు దగ్గరి పవర్‌లోంచి పోతుంది. మీటరున్నర దూరంలో ఉన్న నేల దానికి మసకే. గడ్డం ఛాతీవైపు దించి, అద్దం పై భాగంలోంచి మెట్టు చూడాలి. రామతీర్థం కొండ మెట్లకైనా ఇంటి మేడ మెట్లకైనా ఇదే పద్ధతి. కాళ్లలో పట్టు తప్పినవాళ్లు, అంతకుముందు ఒకసారి పడినవాళ్లు బయట నడవడానికి దూరపు చూపు అద్దాలు ఒక జత వేరేగా ఉంచుకోవడమే క్షేమం. రెండు కళ్ల పవర్‌కూ 2 డయాప్టర్లకు మించి తేడా ఉన్నవాళ్లు, తల పైకెత్తి పనిచేసే ఎలక్ట్రీషియన్లు డాక్టరుతో మాట్లాడాకే నిర్ణయించుకోవాలి.

రెండు వారాలైనా కుదరకపోతే

‘అలవాటైపోద్దండి’ అన్న మాటతో సరిపెట్టుకోకండి. ఏ ఇబ్బంది ఏ కొలత వల్ల వస్తుందో ఇంట్లోనే చాలావరకు పట్టుకోవచ్చు. దూరం మసగ్గా ఉండి, గడ్డం దించితే స్పష్టమవుతోందా? అద్దం ఎత్తుగా కూర్చుంది. ప్యాడ్లు వెడల్పు చేసి ఫ్రేమ్ దించితే సరిపోవచ్చు. చదవడానికి గడ్డం బాగా ఎత్తాల్సి వస్తోందా, జోడును వేలితో పైకెత్తితే అక్షరాలు తేటపడుతున్నాయా? అద్దం కిందికి ఉంది. పేపరు చదవడానికి తల ఒక పక్కకు తిప్పాల్సి వస్తే పీడీ తప్పింది, అది సర్దితే పోదు, అద్దం మార్చాలి. చదివే భాగం మరీ ఇరుకుగా ఉంటే ఫ్రేమ్ కళ్లకు దూరంగా ఉందేమో, వాలు తక్కువైందేమో చూడమనండి. ఇవన్నీ సరిగ్గా ఉంటే అద్దాల పవర్ మిషను మీద చూపించి, చివరగా కంటి పరీక్ష మళ్లీ చేయించాలి. డబ్బు కట్టకముందే, తేడా వస్తే ఎన్నాళ్లలోపు అద్దాలు మార్చి ఇస్తారో బిల్లు మీద రాయించుకోండి.

మన తీరంలో ఇంకో ఇబ్బంది ఉంది. వేసవి ఉక్కకు ముక్కు మీద చెమట పట్టి జోడు 2, 3 మి.మీ. జారుతుంది. మామూలు అద్దాలకు అది లెక్కలోకి రాదు. ప్రోగ్రెసివ్‌లో చదివే భాగం అంత కిందికి పోతుంది. మధ్యాహ్నం నుంచి మాత్రమే చదవడం కష్టంగా ఉంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. కాడల చివర సిలికాన్ కొక్కేలు తొడిగి, ప్యాడ్లు ఏడాదికోసారి మార్పించండి. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలిలో తిరిగేవాళ్లు అద్దాలను ముందు నీళ్లతో కడిగి తర్వాతే మెత్తటి గుడ్డతో తుడవాలి. పొడి తువ్వాలుతో తుడిస్తే ఇసుకరేణువులు గీతలు పెడతాయి. ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే పూత పగుళ్లిస్తుంది, ఆ పూతను మళ్లీ వేయడం షాపులో కుదరదు.