పాతబడ్డ డెక్‌కి ఏ స్టెయిన్ వేయాలి?

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకి పెరట్లో చెక్క డెక్, అంటే ఇంటికి ఆనుకుని బోర్డులతో కట్టిన అరుగు, మొదటి రెండేళ్లు ముచ్చట, ఆ తర్వాత టెన్షన్. చెక్క బూడిదరంగుకి తిరుగుతుంది, చెప్పుల్లేకుండా తిరిగే పిల్లల కాళ్లకి పేళ్లు గుచ్చుకుంటాయి. వెంటనే స్టెయిన్, అంటే చెక్కకి పూసే రంగు, కొనడానికి షాపుకెళ్లి రంగుల కార్డు ముందు నిలబడతాం. నిజానికి అది ఆఖర్లో చేయాల్సిన పని.

ముందు ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని బోర్డుల్ని అక్కడక్కడా పొడిచి చూడండి. ముఖ్యంగా మెట్ల దగ్గర, డెక్ ఇంటి గోడకి ఆనుకునే చోట. మొన మెత్తగా దిగిపోతే అది కుళ్లిన చెక్క. మార్చాల్సిందే, రంగు దాన్ని దాస్తుందంతే.

తర్వాత కాసిని నీళ్లు చల్లండి. పూసల్లా నిలబడితే పాత పూత ఇంకా పనిచేస్తున్నట్టు, కొత్తది లోపలికి దిగదు. గబగబా ఇంకిపోతే చెక్క స్టెయిన్ పీల్చుకుంటుంది.

ఇక కడగడం. డెక్ క్లీనర్ పోసి గట్టి బ్రష్‌తో రుద్దాలి. ఆ పైన ఆక్జాలిక్ యాసిడ్ ఉన్న బ్రైటెనర్ వేస్తే బూడిదరంగు చాలావరకు పోతుంది. గ్లవుజులు, కళ్లద్దాలు తప్పనిసరి. ప్రెషర్ వాషర్‌తో జాగ్రత్త. నేను తొందరపడి నాజిల్ దగ్గరగా పెట్టేసరికి బోర్డు మీద కొబ్బరిపీచులా నార లేచింది, దాన్ని సాండ్‌పేపర్‌తో దింపడానికి ఇంకో వారాంతం పోయింది. మీ డెక్ 2004కి ముందుదైతే మాత్రం సాండింగ్ వద్దు. అప్పటి ట్రీటెడ్ (కుళ్లకుండా మందు పట్టించిన) చెక్కలో ఆర్సెనిక్ అనే విషం ఉండే అవకాశం ఎక్కువ, ఆ దుమ్ము పీల్చకూడదు.

ఇప్పుడు రంగు సంగతి. ట్రాన్స్‌పరెంట్ స్టెయిన్ కొత్త చెక్కకి అందం, పాతదాని మీద ఏడాదికే వెలిసిపోతుంది. ఎండని ఆపేది స్టెయిన్‌లోని పిగ్మెంట్ (రంగు పొడి), అది ఎంత తక్కువైతే రక్షణ అంత తక్కువ. సాలిడ్ స్టెయిన్ మచ్చలన్నీ కప్పేసి ఎక్కువ కాలం ఉంటుంది. కానీ అది పెయింట్ లాంటి పొర, ఊడేటప్పుడు పెచ్చులుగా లేస్తుంది. ఒకసారి వేశాక, మొత్తం గీకితే తప్ప వెనక్కి రాలేం. బోర్డులు గట్టిగా ఉంటే నా ఓటు ఈ రెంటికీ మధ్యస్తంగా, చెక్క చారలు కొంత కనిపించేలా ఉండే ఆయిల్ బేస్ సెమీ ట్రాన్స్‌పరెంట్‌కే. రెండు మూడేళ్లకి వెలిసినా, కడిగి మళ్లీ వేసుకోవచ్చు. చెక్క నిండా పగుళ్లు, మరకలు ఉంటేనే సాలిడ్. ఇప్పటికే సాలిడ్ వేసి ఉంటే మళ్లీ అదే.

డబ్బా కొనేముందు చిన్న శాంపిల్ తెచ్చి మూలన ఒక బోర్డు మీద వేసి, రెండ్రోజులు ఆగి చూడండి. కార్డు మీద తేనెరంగు, పాత చెక్క మీద కాఫీ డికాక్షన్ అవుతుంది.

కడిగాక రెండు రోజులైనా ఆరనిచ్చి, వాన లేని రోజు, నీడ ఉన్నప్పుడు వేయండి. రెండేసి బోర్డుల్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆపకుండా పూర్తి చేస్తే అతుకుల మచ్చలు పడవు. ఆయిల్ స్టెయిన్ ఇంకకుండా పైన మిగిలితే గుడ్డతో తుడిచేయాలి, లేకపోతే జిగురుగా ఉండిపోతుంది.

ఆ గుడ్డల్ని ఉండచుట్టి గరాజ్‌లో పడేయకండి. ఆయిల్ ఆరుతూ వేడెక్కి వాటంతటవే అంటుకోవచ్చు. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లు పోసిన ఇనప డబ్బాలో వేసి మూత పెట్టండి.