శంషాబాద్ నుంచి దుబాయ్: దూరం ఎంత, నిజంగా గాల్లో ఎన్ని గంటలు?

మా తమ్ముడు మొదటిసారి దుబాయ్ వెళ్తున్నప్పుడు టికెట్ చూశాం. పొద్దున 10కి శంషాబాద్‌లో ఎక్కితే మధ్యాహ్నం 12:30కి దిగుతాడని ఉంది. రెండున్నర గంటలే కదా, ఢిల్లీ వెళ్లినంత, అనుకున్నాం. ఒంటిగంట దాటినా ఫోన్ రాకపోయేసరికి అమ్మకు ఒకటే టెన్షన్. అప్పటికి వాడింకా గాల్లోనే ఉన్నాడు.

టికెట్ మీద ఎక్కే టైమ్ ఎక్కే ఊరిది, దిగే టైమ్ దిగే ఊరిది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక ఉంటుంది. కాబట్టి ముందు రెండింటినీ మన టైమ్‌లోకి మార్చుకోండి: అక్కడి 12:30 అంటే మనకు 2 గంటలు, అంటే ప్రయాణం 4 గంటలు. తిరుగు ప్రయాణంలో దీనికి ఉల్టా, అక్కడ రాత్రి 10కి ఎక్కి ఇక్కడ 3:10కి దిగితే ఐదు గంటల పైనే అనిపిస్తుంది గానీ అసలు పట్టేది 3 గంటల 40 నిమిషాలే. లండన్ అయితే ఇంకా జాగ్రత్త, చలికాలం తేడా ఐదున్నర గంటలు, ఎండాకాలం నాలుగున్నర, ఎందుకంటే వాళ్లు గడియారాలు మారుస్తారు, మనం మార్చం.

ఇక దూరం. రోడ్డు దూరంతో దీనికి సంబంధం లేదు, గోడ మీది మ్యాప్‌లో స్కేలు పెట్టి కొలిచినా తప్పే వస్తుంది. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే వచ్చేదే అసలు దూరం. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి అలా సుమారు 2,550 కిలోమీటర్లు. నెట్‌లో వెతికితే ఒక్కోసారి నాటికల్ మైళ్లలో చూపిస్తుంది, దాన్ని 1.852తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. దుబాయ్‌లో విమానాశ్రయాలు రెండు, లండన్‌లో ఇంకా ఎక్కువ, కాబట్టి ఊరి పేరు కాకుండా టికెట్ మీదున్న మూడక్షరాల కోడ్ కొట్టి వెతకండి.

గంటలు అంచనా వేయడానికి నేను వాడే లెక్క: దూరాన్ని 800తో భాగించి, పైకి లేవడానికి, దిగడానికి, విమానం రన్‌వే దాకా మెల్లగా వెళ్లడానికి ఒక అరగంట, నలభై నిమిషాలు కలపడం. 2,550కి దాదాపు 3 గంటల 50 నిమిషాలు వస్తుంది. వెళ్లేటప్పుడు కాస్త ఎక్కువ, వచ్చేటప్పుడు కాస్త తక్కువ పడుతుంది. పైన గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో మరీ గట్టిగా.

అన్నిటికంటే ఎక్కువ మంది తప్పేది తేదీ దగ్గర. 15వ తేదీ రాత్రి 1:30 అని ఉంటే 14 రాత్రికే విమానాశ్రయంలో ఉండాలి. విదేశాలకు మూడు గంటల ముందు చేరాలి కాబట్టి కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి వచ్చేవాళ్లు బండి 14 సాయంత్రానికే మాట్లాడుకోండి. దిగే టైమ్ పక్కన +1 అని ఉంటే మర్నాడు దిగుతారని. తీసుకురావడానికి వెళ్లేవాళ్లకు ఆ +1 కూడా తప్పకుండా చెప్పండి.